పుట్టింటికి పోయి వచ్చిన పిట్టలు

కార్తికమాసము వచ్చినదనగా మన యిండ్లలో వనభోజనముల ప్రసంగము పుట్టును. ఉసిరికచెట్టు నీడను విస్తళ్లు పఱచి, పులిహోరయు దధ్యోదనమును వడ్డించుకొని, ప్రొద్దు వాలువఱకు పిల్లలతో నాడిపాడి యిల్లు చేరుదుము. ఏటికొక్క దినమైనను చెట్టుక్రిందికి పోవలెనని పెద్దలు పెట్టిన యీ యాచారము మిక్కిలి మంచిది. అయితే వనమునకు పోయి వనమును చూచినవారము మనలో నెందఱము? మన చూపంతయు విస్తరిమీదనే యుండును. తలమీది కొమ్మపై కూర్చున్నదెవరో, అది యెచ్చటినుండి వచ్చినదో, ఎన్నాళ్లుండునో మనము విచారింపము. కార్తికమున ఆ కొమ్మమీదనున్నది హిమాలయములు దాటి వచ్చిన పిట్టయైనను కావచ్చును. గడప త్రొక్కిన చుట్టమును పలుకరింపకుండుట మన మర్యాద కాదు గదా!

శరదృతువు చివరనుండు ఈ దినములలో మేము కొన్ని యుదయములు హైదరాబాదు నగరమందలి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనమున పక్షులను చూచుటకై గడపితిమి. నగరవాసులు దీనిని కేబీఆర్ పార్కు అని వాడుక చేయుదురు. 1964 మొదలు 1971 వఱకు ఆంధ్రప్రదేశమునకు ముఖ్యమంత్రిగా నుండిన వారి పేర నిది వెలసినది. బంజారాహిల్సు, జూబిలీహిల్సు అను రెండు పేటల నడుమ ఇంచుమించు 390 ఎకరముల నేల యిది. పూర్వము నిజాము వంశీయుల యధీనములో నుండెను. వారి చిరాన్ ప్యాలెస్ అను సౌధము ఇప్పటికిని లోపల నున్నది. చుట్టును మేడలు, అంగళ్లు, క్షణమైనను తెఱపియీయని మోటారుబండ్ల రొద. ఆ నడుమ, సముద్రములో ద్వీపమువలె, ఈ యడవి.

మెట్రోరైలులో వచ్చువారు జూబిలీహిల్సు చెక్‌పోస్టు స్టేషనులో దిగినచో వనపుటంచునకు వచ్చినట్లే. ప్రొద్దుటను సాయంకాలమునను నడకకు వచ్చువారిని రుసుము పుచ్చుకొని లోనికి విడుతురు. ప్రహరి వెలుపల నొక నడకదారియు, లోపల చెట్లనడుమ మఱియొక దారియు కలవు. దారి దాటి యడవిలోనికి పోరాదు. ఈ కట్టుబాటు కొందఱికి కష్టముగా తోచును గాని, పక్షులకు కావలసినది సరిగా నిదియే.

పార్కు అనగానే కత్తిరించిన పచ్చికయు, వరుసలు తీర్చిన పూలకుండ్లును, నీటిబుగ్గలును మన కన్నులకు కట్టును. అట్టి సొగసులను గోరి వచ్చినవారికి ఇచ్చట కొంత నిరాశ కలుగును. ఇది దక్కనుదేశపు సహజమైన యడవి. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న పెనుఱాళ్లు, వానిసందులనుండి లేచిన తుమ్మలు, వేపలు, రేగుతుప్పలు, సీతాఫలపు చెట్లు, క్రింద మోకాలిలోతు ఎండుగడ్డి, రాలిన యాకులు. ఈ నల్లఱాతి వయస్సు ఇంచుమించు 250 కోట్ల యేండ్లని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మొదటిసారి చూచినవారు, ఈ ముండ్లతుప్పలను కొట్టించి నాలుగు గులాబిమొక్కలు నాటింపరాదా యని యనుకొందురు. ఆ మాటకు సమాధానము పిట్టలే చెప్పగలవు.

పక్షులను చూచుటకు గొప్ప పాండిత్య మక్కఱలేదు. దుర్భిణి యున్న మంచిదే, లేకున్నను చెవియు నోర్పును చాలును. తళతళలాడు రంగులు మాని, ఆకువన్నె చీరయో మట్టివన్నె చీరయో కట్టుట మేలు. కార్తికములో సూర్యోదయము ఆఱుగంటలు దాటిన పిమ్మటనే యగును. వెలుగు వచ్చిన మొదటి రెండుగంటలే పిట్టలకు మేతవేళ. ఒక మైలు నడచుటకంటె, ఒక చెట్టెదుట పదినిమిషములు కదలక నిలుచుటయే లాభకరము. నిజమునకు గృహిణుల కీ విద్య క్రొత్తది కాదు. వంటయింటనుండియే వాకిటి గడియచప్పుడు విని వచ్చినదెవరో చెప్పగలవారు, చేటలోని బియ్యమున మట్టిగడ్డను ఒక్క చూపున నేఱగలవారు, కదలినది యాకో పిట్టయో తెలిసికొనలేరా?

మొదట నీ వనమున స్థిరనివాసము చేయు పక్షుల మాట చెప్పుదుము. ఈ వనమునకు ఎక్కువ పేరు తెచ్చినది నెమలి. 1963లో దానిని జాతీయపక్షిగా నెన్నుకొనిరి. అయితే కార్తికమున నెమలిని చూడబోయిన పిల్లలు, పింఛమేదియని యడుగుదురు. వానలు తగ్గగానే మగనెమలి పింఛమునంతయు రాల్చివేయును. ఈ దినములలో నది నగలు తీసి పెట్టెలో పెట్టిన యిల్లాలివలె, నిరాడంబరముగా గడ్డిలో గింజలేఱుకొనుచుండును. వేసవికి మరల క్రొత్తపింఛము వచ్చును. మగ తేనెపిట్టయు నంతే. ఎండకాలమున నీలమణివలె మెఱయునట్టిది, ఇప్పుడు ఆడుపిట్టవలె వెలవెలబోయి, గొంతునుండి పొట్టవఱకు ఒక నల్లని చాఱను మాత్రము మిగుల్చుకొనును. కోకిల వెళ్లిపోయినదని మన మనుకొందుము. అదియు నెచ్చటికిని పోలేదు. ఈ కాలమున మౌనము పూని ఆకులమాటున పండ్లు తినుచుండును. చూడ నేర్చినవారికి దాని యెఱ్ఱని కన్ను దొరకును.

ఇక ఱాళ్లమీద తోక నిక్కించి యాడునది నల్లంచి. తుప్పలలోనుండి హఠాత్తుగా కేకవేసి, అందఱి గుండెలదరగొట్టి మరల తుప్పలలోనే మాయమగునది కౌజు. తోకమొదట ఎఱ్ఱమచ్చతో, తలపై నల్లని కుచ్చుతో జంటజంటలుగా దిరుగునవి పిగిలిపిట్టలు. నూఱు జాతులకు మించిన పక్షులను ఈ వనమున గుర్తించియున్నారు. అన్నింటిని చెప్పబూనినచో పట్టికయగును గాని వ్యాసము కాదు. కావున కార్తికముననే చూడదగిన వానియొద్దకు వత్తము.

వానలు వెనుకబట్టి ఆకాశము తేటపడగానే తడి ఱాతిమీద కనబడునది కాటుకపిట్ట. సంస్కృతకవులు చంచలములైన కన్నులకు దీనిని పోల్చి ఖంజరీట మనిరి. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖంజనదర్శన ఫలమునకై ఒక యధ్యాయమునే కేటాయించెను. ఎచ్చట, ఏవస్తువుమీద, ఏదిక్కున దీనిని మొట్టమొదట చూచిన నేమి ఫలమో యందు చెప్పబడినది. ఫలము నమ్మినను నమ్మకున్నను, పదునాలుగు వందల యేండ్లకు ముందే మనదేశమున శరత్తురాగానే ఈ పిట్టకై యెదురుచూచిన కన్నులుండెనని దీనివలన తెలియుచున్నది. పసుపుపచ్చని పొట్ట, ఎల్లప్పుడును మీదికిని క్రిందికిని ఊగుచుండు తోక. ఇట్టి దొకటి ఱాతిసందున నిలిచిన నీటియొద్ద పురుగులేఱుట చూచుచు మేము అరగంట నిలిచిపోయితిమి.

తరువాత చెట్లకొనలలో ‘చిసిక్, చిసిక్’ మని యొక సన్నని పలుకు వినబడును. పలుకు వినుట సులభము, పలికినదానిని చూచుట కష్టము. చివరకు కనబడునది లేతయాకుతో సమానమైన రంగుగల చిన్నపిట్ట. కన్నుమీద పాలిపోయిన గీత, ఱెక్కమీద సన్నని తెల్లచాఱ, అంతకుమించి యలంకారములేదు. ఇంగ్లీషువారు గ్రీనిష్ వార్బ్లరు అందురు. దీని తూకము ఎనిమిది గ్రాముల కటునిటుగా నుండును. అనగా తులము బంగారముకంటె తక్కువ! ఇంతటి ప్రాణి హిమాలయముల నుండియు, అంతకు నుత్తరమున సైబీరియా యడవులనుండియు బయలుదేఱి, వేలకొలది మైళ్లు తన ఱెక్కలతోనే యెగిరి, భాద్రపదాశ్వయుజములలో దక్షిణదేశము చేరును. వచ్చిన పిమ్మట ఒక్కొక్క పిట్టయు కొన్ని చెట్లను తనవిగా నెంచుకొని, శీతకాలమంతయు నింకొక దానిని ఆ చెట్లపై వాలనీయదు. ఆ ‘చిసిక్’ మను పలుకు పాట కాదు, ‘ఇది నా యిల్లు’ అను చాటింపు. మఱుసటి యేటను మరల నవే చెట్లకు వచ్చుటయు కలదు.

కంఠమున కుంకుమ యద్దినట్లుండి, తోక నెత్తినప్పుడెల్ల ఇరుప్రక్కల తెలుపు చూపు మఱియొక చిన్నపిట్ట యున్నది. ఈగలను గాలిలోనే పట్టి తినును. ఇది తూర్పు ఐరోపా మొదలుకొని వచ్చును. గులాబిరంగు మేనును నల్లని తలయుగల గోరువంకలు మధ్య ఆసియా మైదానములనుండి గుంపులుగా వచ్చి, పండ్లచెట్టుమీద వాలి సంతవలె సందడిచేయును. పసుపు ముద్దవంటి వంగపండుపిట్ట యొక్క క్షణము కనబడి ఆకులలో కలసిపోవును.

ఈ పక్షులను మనము అతిథులందుము, వలసపిట్టలందుము. మొదట మేమును చుట్టములంటిమి. కాని లెక్కవేసి చూచినచో ఆ మాట చాలదని తోచును. ఆ యాకువన్నె పిట్ట ఉత్తరదేశమున గడపునది వేసవి నెలలు కొన్నియే. గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలకు ఱెక్కలు రాగానే తిరుగుప్రయాణము కట్టును. ఏడాదిలో సగమునకు మించిన కాలము మనదేశముననే యుండును. కాన్పుకు పుట్టింటికి పోయి, బిడ్డ నెత్తుకొని అత్తవారింటికి తిరిగివచ్చు కోడలిని చుట్టమని యెవరైన నందురా? హిమాలయములు దాని పుట్టినిల్లు, ఈ తుప్పలు దాని మెట్టినిల్లు. అది మనయింటి పిల్లయే. తిరిగివచ్చిన కోడలికి ఇల్లే లేకుండ కూలద్రోసియుంచుట ఎంతటి యన్యాయమో స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇట్లు వచ్చువారిలో మనకు మఱింత దగ్గఱి సంబంధము గలది యొకటి కలదు. పక్షిశాస్త్రమున ఒక గణమునకు ‘పిట్ట’ యనియే పేరు. 1816లో వియెయో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞు డీ పేరు స్థాపించెను. అది మనము నిత్యము నోట నాడు తెలుగుమాటయే. నేడు ప్రపంచమున నెచ్చటి పక్షిశాస్త్రజ్ఞుడైనను ఆ జాతులను తెలుగుననే పిలువవలెను! ఆ గణములో మనదేశపుదానిని మనవారు పొన్నంకిపిట్ట యనిరి, హిందీవారు నవరంగ మనిరి. వీపు ఆకుపచ్చ, ఱెక్కయందు మెఱయు నీలము, కన్నుమీదుగా నల్లని పట్టి, గొంతు తెలుపు, పొట్ట గంధపువన్నె, తోకక్రింద కుంకుమయెఱుపు. తోక యున్నదో లేదో యన్నంత పొట్టి. హిమాలయపాదములందును మధ్యభారతపు టడవులందును పిల్లలను కని, వానలు వెనుకబట్టగానే దక్షిణమునకును సింహళమునకును పోవును. మన పట్టణములు దాని దారిలోనివి. కొన్ని ఇచ్చటనే నిలిచిపోవును.

ఇన్ని రంగులుండియు దానిని చూచుట దుర్లభము. ఏలయన నది కొమ్మలమీద మేయదు. పొదలక్రింద, చీకటిగానున్న చోట, రాలిన యాకులను ముక్కుతో తిరుగవేసి, అడుగుననున్న పురుగులను తిని బ్రతుకును. కావున దాని వంటయిల్లు ఎండుటాకులే. మనము చెత్తయని ఊడ్చి నిప్పుపెట్టునది దానికి ధాన్యపుగాదె. ముండ్లతుప్పలు కొట్టి గులాబులేల నాటరాదను ప్రశ్నకు సమాధాన మిచ్చట దొరకును. నున్నగా కత్తిరించిన పచ్చికమీద కాకులును గోరువంకలును దిరుగగలవు గాని, పొన్నంకిపిట్ట వాలజాలదు. అదృష్టవశమున ఈ వనమును ఎక్కువగా నెవరును సింగారింపలేదు. అందుచేతనే వేలమైళ్ల బాటసారులకు నగరమధ్యమున నింత చోటు మిగిలినది.

మిగిలిన చోటును నిలుపుకొనుటయు తేలికపని కాదు. 2016లో వనము చుట్టునున్న కూడళ్లయందు వంతెనలు కట్టుటకై వేలకొలది చెట్లు తీయవలసివచ్చునని తెలిసినప్పుడు, నగరములోని స్త్రీపురుషు లనేకు లాక్షేపించిరి. వివాదము జాతీయ హరిత న్యాయస్థానము వఱకు పోయెను. తరువాతను దారుల వెడల్పు మాట మరల మరల లేచినది. బండ్ల యిబ్బంది నిజమే. కాని యొక్కసంగతి మఱవరాదు. వంతెనను ఇంకొకచోట కట్టవచ్చును, కూలిన కట్టడమును మరల లేపవచ్చును. తనచెట్టు నెదకుచు రాత్రులెల్ల యెగిరివచ్చిన తులమెత్తు ప్రాణికి మాత్రము, చెట్టును వేఱొకచోటికి మార్చితిమని చెప్పు వార్తాహరుడు లేడు.

పిట్టలకు ద్వేషమువలననే కీడు కలుగునని యెంచరాదు, మక్కువవలనను కలుగును. విజయదశమినాడు పాలపిట్టను చూచుట తెలంగాణమున శుభమని యాచారము. ఊరిబయట పొలములకు పోయి, తీగెమీదనో మోడుమీదనో వాలిన పిట్ట నీలిఱెక్కలు విప్పి యెగురుటను చూచుట ఈ యాచారములోని సొగసు. పట్టణములలో నిది తలక్రిందులైనది. పండుగకు ముందే వేటగాండ్రు పాలపిట్టలను పట్టి, ఱెక్కలు కట్టి, పంజరములలో దేవాలయములయొద్దకు తెచ్చి, డబ్బు పుచ్చుకొని చూపుదురు. ఆకలిచేతను భయముచేతను వానిలో ననేకము చచ్చును. 2014లో తెలంగాణము తన రాష్ట్రపక్షిగా నెన్నుకొన్నది దీనినే. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికలో, సంఖ్య బాగుగా తగ్గుచున్న పక్షులలో పాలపిట్టయు చేరినది. ఆంధ్రప్రదేశము 2018లో నెన్నుకొన్న రాష్ట్రపక్షి రామచిలుక. అది యెన్ని యిండ్ల వసారాలలో పంజరమున వ్రేలాడుచున్నదో మన మెఱుగుదుము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకార మీ రెంటిని పట్టుటయు బంధించుటయు నేరమే. చట్టమటుండనిండు. ముద్దుమాటలకై పెంచుచున్నామనువారు ఈ వనమునకు వచ్చి, ఉదయమున చిలుకలగుంపు కొమ్మలనుండి బాణములవలె లేచిపోవుటను ఒక్కసారి చూచినచో, పంజరపు తలుపు విషయమై వేఱుగ తలంతురని మా నమ్మకము.

ఇట్టి పరిశీలనము పురుషులకే చెల్లునని కొంద ఱనుకొనవచ్చును. చరిత్ర యట్లు చెప్పదు. 1931లో హైదరాబాదు సంస్థానపు పక్షుల నన్వేషింప మొదలిడిన సాలిం ఆలీగారికి, ఆయన సహధర్మచారిణి తెహమీనా యిట్టి పర్యటనలలో చేదోడుగా నుండెను. బీహారు అడవులలో పక్షులను పరిశీలించిన జమాల్ ఆరా వ్రాసిన పరిచయగ్రంథమును 1970లో నేషనల్ బుక్ ట్రస్టువారు ప్రకటించిరి. ఉషా గంగూలీ ఢిల్లీప్రాంతపు పక్షులనుగూర్చి రచించిన గ్రంథము 1975లో వెలువడెను. పైని చెప్పిన 2023 నివేదికయు ముప్పదివేలకు మించిన పక్షిప్రియులు తాము చూచినదానిని వ్రాసియుంచిన లెక్కలపై నిలిచినదే. వారిలో ననేకులు వృత్తిచేత శాస్త్రజ్ఞులు కారు. పాలలెక్కయు చాకలిపద్దును వ్రాయు చేతికి, ‘కార్తికశుద్ధ పంచమి, పెరటి వేపమీద ఆకువన్నె పిట్ట యొకటి’ యని ఇంకొక పంక్తి వ్రాయుట బరువుకాదు. నేడు ఆ పంక్తిని ఈబర్డ్ అను అంతర్జాల పట్టికలో చేర్చుటకును వీలున్నది. పది యేండ్లట్లు వ్రాసినచో, ఏ పిట్ట యెప్పుడు వచ్చుచున్నదో, ఏది రాక మానివేసినదో, మీ చేతివ్రాతయే చెప్పును.

వనమునకు పోలేనివా రింటనుండియే చేయదగిన పనులు కొన్ని కలవు. పెరడున్నవారు ఒక మూలనైనను రాలినయాకులను ఊడ్వక విడువవలెను. మిద్దెమీద వెడల్పయిన లోతులేని మూకుటిలో నీరుంచి, దినదినము కడిగి మార్చవలెను. ఆశ్వయుజకార్తికములలో నే యుదయముననైనను వసారాలో పొన్నంకిపిట్టవంటి దొకటి సొమ్మసిల్లి పడియుండుట చూచినచో బెదరిపోనక్కఱలేదు. రాత్రులు ప్రయాణముచేయు పిట్టలు అలసటచేతనో, కిటికీ యద్దమునకు కొట్టుకొనియో అట్లు పడును. పిల్లిని, కాకులను, పిల్లలను దూరముగా నుంచి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో మెత్తనిగుడ్డ పఱచి, దాని నందుంచి, చీకటిగానుండు చోట పెట్టవలెను. నోట నీరు పోయరాదు. ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణమునకే ముప్పు. మాటిమాటికి మూతతీసి చూడరాదు. కొన్ని గంటలకు తేఱుకొన్నచో, సాయంకాలము సందడిలేని పొదలయొద్ద మూత తెఱచి దూరముగా తొలగవలెను. గాయముతగిలినచో అటవీశాఖవారికి కబురంపవలెను.

మాఘఫాల్గుణములు గడచి యెండలు ముదిరినకొలది ఈ పిట్టలు మరల నుత్తరమునకు ప్రయాణమగును. అంతవఱకు ఇంకను నాలుగైదు మాసముల గడువున్నది. ఈ కార్తికమున వనభోజనమునకు పోవు సోదరీమణులు, వడ్డనకు ముందొక గడియ, చెట్టువంక తలయెత్తి చూతురని కోరుచున్నాము.